పడక్కుర్చీలో సగం

ఆ ఊళ్ళో ఎవరేది నేర్చుకున్నా అది వాళ్ళింటికే వచ్చి కాపురముంటుంది. ఇందులో వింతేముందని ఆ ఊరివాళ్ళంటారు. వాళ్ళకి వింత కాకపోవచ్చు, మనకి వింతే. సరే, వినండి.

నేర్చుకున్నది ముందు వీధరుగు దాకా వస్తుంది. ఆ రాత్రి లోపల చాప మీద కునుకు తీసిందా, ఇక జన్మంతా ఆ ఇంటిదే. పడుకోవడానికి చోటు దొరకలేదా, తెల్లారేలోపు చెప్పులేసుకుని పోతుంది. ఇంటి మనిషికి దానితో ఎప్పుడైనా పని పడితే అది లేచి, మనిషి ఉన్నచోటికి నడిచి రావాలి. వచ్చాకే నోట పలకడం. పడుచువాళ్ళవి పరుగెత్తుకొస్తాయి. ముసలివాళ్ళవి మోకాళ్ళు పట్టుకుని వస్తాయి. అందుకే ఆ ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళు మాట మధ్యలో ఆగిపోయి వీధి మలుపు వైపు చూస్తూ నిలబడతారు. "వస్తోందండీ, కిళ్ళీకొట్టు దాకా వచ్చింది" అంటారు. ఎదుటివాళ్ళు కూడా అటే చూస్తూ నిలబడతారు. అది ఆ ఊరి మర్యాద.

ఆ ఊళ్ళో కామాక్షమ్మ అనే ముసలావిడ ఉంది. ఆవిడ ఇల్లు చిన్నది, కాపురస్తులు మాత్రం కిటకిటలాడుతుంటారు. పదిహేడో ఎక్కం గడపకి అడ్డంగా పడుకుంటుంది. లావుపాటిది. బడి మానేసిన నాటినుంచీ దాన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అయినా ఎప్పుడు పిలుస్తారోనని చొక్కా గుండీలన్నీ పెట్టుకునే ఉంటుంది. కిటికీ దగ్గర ఎత్తేసిన బస్సు వేళలు కూర్చుని మాటిమాటికీ వీధిలోకి తొంగిచూస్తుంటాయి. వంటింటి తలుపు పక్కన ములక్కాడల తగువు మూతి ముడుచుకుని ఉంటుంది. పక్కింటివాళ్ళతో ఎప్పుడో పడ్డ తగువది. చెట్టు పోయింది, పక్కింటివాళ్ళూ పోయారు, మూతి మాత్రం అలాగే ఉంది. పొయ్యి దగ్గర చారు పెట్టే విధం, వెనకగదిలో ఒక జోలపాట, ఇంకా పేరూ ఊరూ చెప్పడం దేనికి గానీ, కాలు పెట్టే సందు లేదనుకోండి.

హాలు మధ్యలో పడక్కుర్చీ ఉంది. అందులో వీరభద్రయ్య అనే పేరు కూర్చునుంటుంది. మనిషి కాదు, పేరు. మనిషి కామాక్షమ్మ భర్త, పోయి చాలాకాలమైంది. పేరు మిగిలింది. భార్య భర్త పేరు పలకకూడదు కదా. పెళ్ళినాడు గుమ్మం దగ్గర ఒక్కసారి పలికింది. ఆ తర్వాత "ఏమండీ" తోనే సంసారమంతా గడిచిపోయింది. అందువల్ల ఆ పేరు ఎండ మొహం చూసింది ఆ ఒక్కసారే. తెల్లగా పాలిపోయి, ఇస్త్రీ నలగని లాల్చీతో, ఎవరితోనూ మాటామంతీ లేకుండా అలా కూర్చునే ఉంటుంది. పిలవని పేరుకి మాటలెక్కడినుంచి వస్తాయి పాపం.

ఒక వానాకాలం కామాక్షమ్మ గొడుగు ఊచ విరిగింది. గొడుగులు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పేరు గవర్రాజు. కానీ ఆ పేరు ఎవరికీ అక్కర్లేదు, ఊరంతా గొడుగాయన అనే అంటుంది. ఆయనకీ భార్య పోయింది. వానాకాలం వెళ్ళిపోతున్నా గొడుగు బాగుపడలేదు. ఎందుకు బాగుపడలేదో ఊరందరికీ తెలుసు.

చివరికి ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నారు. ఊరు ముక్కున వేలేసుకుంది. కొన్నాళ్ళకి వేలు నొప్పెట్టి తీసేసింది.

చిక్కంతా పేరుతో వచ్చింది. గొడుగాయన మొహం కామాక్షమ్మ ఇంట్లో ఎప్పుడో స్థిరపడింది. ఆయన దగ్గు, ఆయన వేళాకోళాలు, ఆయనకి చారులో ఇంగువ ఎక్కువుండాలన్న సంగతి, అన్నీ తలో మూలా సర్దుకున్నాయి. పేరు మాత్రం నిలవదు. రోజూ సాయంత్రం ఆయన "గవర్రాజు" అని చెప్పేవాడు. ఆవిడ శ్రద్ధగా "గవర్రాజు" అనేది. బక్కపల్చటి పేరొకటి చంకలో గొడుగు పెట్టుకుని వీధరుగు మీదికి వచ్చేది. లోపలికి తొంగి చూసేది. గడపకడ్డంగా ఎక్కం, ఆ వెనక చాపల మీద చాపలు. దానికి మొహమాటం పాపం, జరగమని అడగలేక రాత్రంతా నిలబడి తెల్లారేలోపు వెళ్ళిపోయేది. మర్నాడు కామాక్షమ్మ గొడుగాయన్ని చూసి నవ్వేది, కూర్చోమనేది, ఇంగువ ఎక్కువేసి చారు పోసేది. ఆ తర్వాత సిగ్గుపడుతూ, "తమరి పేరు మళ్ళీ ఒక్కసారి సెలవిస్తారా" అనేది.

పేరు రాకపోతే ఏం కొంప మునిగిందీ అంటారు. మునుగుతుంది. ఆ ఊళ్ళో పెళ్ళికి తాళి ఒక్కటే చాలదు. కొత్త దంపతులు ఇంటికొచ్చాక మగపెళ్ళివారి ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది. ఒకరి పేరొకరు పైకి చెప్పాలి. చెప్తే లోపలికి. పొద్దు గుంకేలోపు చెప్పలేకపోతే ఎవరింటికి వాళ్ళు. ఇక ఆ పెళ్ళి లేనట్టే.

గొడుగాయనకి ఒక్కతే చెల్లెలు, చిట్టెమ్మ. గుమ్మానికి అడ్డంగా నిలబడడానికే పుట్టిన మనిషి. కామాక్షమ్మ ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఈ ఒక్క తతంగం వదిలెయ్యమని బతిమాలింది.

"వదల్ను వదినగారూ," అంది చిట్టెమ్మ. "అన్నయ్యని పేరు పెట్టి పిలిచే మా అమ్మ పోయింది, నాన్న పోయాడు, జతగాళ్ళందరూ పోయారు. నేనా, అన్నయ్యనే అంటాను. ఊరు గొడుగాయన అంటుంది. ఆ పేరు ఏ ఇంటి గడపా దాటక ఎన్నాళ్ళయిందో. మీరూ చెప్పకపోతే ఇక దానికి చావే గతి. పేరు పోయాక మనిషి ఎన్నాళ్ళుంటాడు చెప్పండి."

కామాక్షమ్మకి ఆ మాట కత్తిలా దిగింది. ఇంటికెళ్ళి, ఎలాగైనా ఆ పేరుకి చోటు చెయ్యాలనుకుంది.

సరిగ్గా అప్పుడే ఒక పండితుడు వీధిలోకి వచ్చాడు. ముసలివాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆయన ఇంట్లో కాపురమున్నది ఒకే ఒక్క వాక్యం: ఖాళీ చేస్తే చోటొస్తుంది. ఆ వాక్యమే సంచీ మోసుకుంటూ ఆయన వెంట తిరుగుతుంది.

"పనికిరాని సరుకంతా ఇంట్లో పెట్టుకుని కొత్తవి నిలవట్లేదంటే ఎలాగమ్మా," అన్నాడు పండితుడు. "ఈ ఎక్కం ఎందుకు?"

"ఎందుకూ కాదండీ."

"ఈ బస్సు వేళలు?"

"ఆ బస్సే లేదండీ."

"మరింకేం," అన్నాడు. సంచీ మోసే వాక్యం కూడా వెనకనుంచి తల ఊపింది.

కామాక్షమ్మ గుండె రాయి చేసుకుని అందర్నీ పొమ్మంది. ఎక్కం గుండీలు సరిచూసుకుని బయటికి నడిచింది. తగువు, "నాకు తెలుసు, ఇలాగే చేస్తావని" అంటూ పోయింది. జోలపాట ఏడ్చుకుంటూ పోయింది. చారు పెట్టే విధం గరిటె చేతిలో పట్టుకుని అలాగే వెళ్ళింది. పడక్కుర్చీలోది ఒక్కటే కదల్లేదు. దాన్ని పొమ్మనాలంటే పేరు పెట్టి పిలవాలి, భర్త పేరు పిలవకూడదు. పండితుడు కాసేపు తల గోక్కుని, "ఒక్కటేగా, ఉండనీండి" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గవర్రాజు అనే పేరు వచ్చింది. ఇల్లంతా ఖాళీ చాపలే. జంకుతూ లోపలికొచ్చి ఒక చాప మీద కూర్చుంది. మీదే ఊరు, ఎవరి తాలూకు అని ఎవరైనా అడుగుతారేమోనని చూసింది. అడిగే నాథుడు లేడు. పడక్కుర్చీలోది మాట్లాడే రకం కాదు. ఇంత ఖాళీ ఇంట్లో దానికి నిద్రెలా పడుతుంది. అటూ ఇటూ దొర్లి, తెల్లారేలోపు గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కామాక్షమ్మ పొయ్యి ముందు నిలబడి, చేతిలో చింతపండు పట్టుకుని, ఇదెందుకు తీశానా అని చూసింది. అర్థం కాలేదు. ఏడుపొచ్చింది. ఉన్నవీ పోయాయి, రావలసిందీ రాలేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యానే అనుకుని అక్కడే చతికిలబడింది.

వెళ్ళిన కాపురస్తులు మరెక్కడికీ పోలేదు. ఎత్తేసిన బస్సు వేళలు "బస్సు వచ్చే టైమయింది" అంటూ అందర్నీ బస్టాపుకి తీసుకెళ్ళాయి. రాని బస్సు కోసం అందరూ వరసగా నిలబడ్డారు. ఇంతలో వాన పట్టుకుంది. గొడుగాయన అటుగా వెళుతూ చూశాడు. జనం తనకి బాగుచేయమని ఇచ్చిన గొడుగులన్నీ తెచ్చి, చిల్లులవి చిల్లులతోనే, తలకొకటి పట్టించి కామాక్షమ్మ ఇంటికి నడిపించుకొచ్చాడు. ఎక్కానికి రెండు గొడుగులు పట్టాయి.

"ఇవి మీవేకదూ," అన్నాడు.

"నావే. నేనే పొమ్మన్నాను. మీ పేరుకి చోటు చేద్దామని."

"మా ఇంట్లో చోటుండి మీ పేరు ఉందనుకున్నారా?"

"లేకపోతే ఎలా ఉంది?"

గొడుగాయన చెప్పనా వద్దా అని కాసేపు నసిగాడు. "మా చిన్నతనంలో మాకో ఆవుండేది. దాని పేరు కామాక్షి. మీ పేరు వచ్చిననాడు మా ఇల్లూ నిండే ఉంది. ఆ ఆవే కాస్త జరిగి, నాకు చెల్లెలి వరస అవుతావు, ఇలా పడుకోవే అంది. అప్పట్నుంచీ రెండూ ఒకే చాప."

కామాక్షమ్మ కూర్చున్నచోటినుంచే తలెత్తి చూసింది.

"పొడిచే ఆవా?" అంది.

"సాధువండీ. పసిపిల్లలు కింద దూరినా ఏమీ అనేది కాదు."

"పాలిచ్చేదా?"

"పూటకి చెంబుడు."

"అయితే ఫరవాలేదు," అని లేచి కాపురస్తుల తలలు తుడవడం మొదలుపెట్టింది. తగువు తలని కూడా తుడిచింది. చారు పెట్టే విధం పొయ్యి దగ్గరికి పరుగెత్తి, చింతపండు ఎందుకో గుర్తుచేసింది.

పెళ్ళి రేపనగా, దీపాలు పెట్టేవేళకి గవర్రాజు పేరు మళ్ళీ అరుగెక్కింది. ఈసారి ఎక్కమే లేచి, "లోపలికి రా బాబూ, ఎవరి తాలూకు?" అనడిగింది. ఆ ఒక్క మాటకే ఆ పేరు కళ్ళు చెమర్చాయి. అందరూ చుట్టూ చేరి వరస కలపడానికి కూర్చున్నారు. మన జనం సంగతి తెలిసిందేగా, రైల్లో ఎదురుగా కూర్చున్నవాడితో కూడా రెండు స్టేషన్లు దాటేలోపు వరస తేల్చేస్తారు. కానీ ఆ రోజు తేల్లేదు.

"మా బస్సు తోలేవాడు గవర్రాజే," అన్నాయి బస్సు వేళలు. కాసేపు ఆలోచించి, "కాదు, గంగరాజు" అన్నాయి. ములక్కాడలు కోసినవాళ్ళకి ఇతనేమైనా అవుతాడా అని తగువు ఆరా తీసింది. ఏమీ కాడని తేలాక దానికి ఆసక్తి పోయింది. చివరికి అందరూ పడక్కుర్చీ వైపు చూశారు.

"ఈయన ఆవిడకి మొగుడు. అతను రేపు మొగుడవుతాడు," అంది ఎక్కం. "మరి వీళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?"

"తోడల్లుళ్ళేమో."

"అక్కచెల్లెళ్ళని చేసుకుంటే తోడల్లుళ్ళు. ఇక్కడ ఉన్నది ఒక్కావిడేగా."

"సవతులనే మాటుంది," అంది జోలపాట మెల్లగా.

"అది ఆడవాళ్ళకి. మగవాళ్ళకి లేదు."

"ఎందుకు లేదు?"

"అవసరం పడలేదేమో."

"పడే ఉంటుంది," అంది తగువు. "మాట పుట్టించే ధైర్యం ఎవరికీ లేకపోయింది." అన్నాళ్ళలో అది పనికొచ్చే మాట అనడం అదే మొదలు.

అందరూ చేతులెత్తేసి ఎవరి చాప మీద వాళ్ళు పడుకున్నారు. గవర్రాజు పేరు గొడుగు చంకలో పెట్టుకుని గోడకానుకుని నిలబడిపోయింది. కామాక్షమ్మ దీపం తగ్గిస్తూ కుర్చీ వెనక ఆగింది.

"ఏమండీ," అంది. "మీ మీద ప్రేమ తగ్గి కాదు. మీరంటే నాకు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఒక్కదాన్నే కూర్చుని చారన్నం తినలేకపోతున్నాను, అంతే."

ఆవిడ వెళ్ళి పడుకుంది.

తెల్లారి లేచేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు. గొడుగూ లేదు. ఈ రాత్రీ వెళ్ళిపోయిందన్నమాట అనుకుంది. పడక్కుర్చీ వైపు చూడ్డానికి ఆవిడకి మొహం చెల్లలేదు. తల వంచుకునే పెళ్ళికి నడిచింది.

పెళ్ళి బాగానే జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దంపతులు గొడుగాయన ఇంటికొచ్చారు. చిట్టెమ్మ రెండు చేతులూ ద్వారబంధాలకి పెట్టి నిలబడింది. ఊరంతా వెనక నిలబడింది. ముక్కున వేలు మళ్ళీ వేసుకోవాలో వద్దో చూసుకుందామని వచ్చినవాళ్ళు కొందరు.

"నేనూ, మా ఆవిడ కామాక్షీ వచ్చాం," అన్నాడు గొడుగాయన. ఆ పేరు గుమ్మంలోంచే తొంగి చూసింది. దాని వెనక ఆవు కూడా తొంగి చూసింది.

"మీరు చెప్పండి వదినగారూ."

కామాక్షమ్మ వీధి మలుపు వైపు చూసింది. ఊరు కూడా అటే చూసింది. ఎవరూ రాలేదు. ఎండ మెట్లు దిగింది, ఎదురింటి గోడ ఎక్కింది. గొడుగాయన ఆవిడ పక్కనే నిలబడ్డాడు. ఒకసారి పెదవులు కదిపాడు గానీ, అందించకూడదని గుర్తొచ్చి మూసేశాడు. చిట్టెమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు మాత్రం తియ్యలేదు.

రాని పేరుని ఎంతసేపని పిలుస్తుంది. ఈయన చెయ్యి ఇలాగే జారిపోతుందా అనుకుంది కామాక్షమ్మ. మొగుడి పేరని ఆవిడ ఇంట్లో ఉన్నది ఒక్కటే. పలకకూడదని ఇన్నేళ్ళూ నోరు కట్టుకున్నది అదే. ఏమైతే అయిందని కళ్ళు మూసుకుని దాన్నే రమ్మంది.

చాలాసేపటికి మలుపు దగ్గర అలికిడయింది. పాలిపోయిన పేరొకటి, ఇస్త్రీ లాల్చీతో, నడక మరిచిపోయినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. ఎండకి కళ్ళు తెరవలేకపోతోంది. దాని పక్కన బక్కపల్చటి పేరొకటి, ఒక చెయ్యి దాని చంక కింద ఆసరా పెట్టి, రెండో చేత్తో దాని తల మీద గొడుగు పట్టుకుని నడిపించుకొస్తోంది. గొడుగు పట్టిన పేరు చొక్కా మీద పడక్కుర్చీ గుడ్డ చారలు అచ్చు పడి ఉన్నాయి, ఒకవైపు మాత్రమే. పడక్కుర్చీలో ఇద్దరెలా పట్టారని నన్నడక్కండి. ఇరుక్కుని పడుకున్నారు, అంతే.

కామాక్షమ్మ కళ్ళు తెరిచి చూసింది. రెండు పేర్లూ మెట్టు దగ్గరికొచ్చి ఆగేదాకా ఉంది.

"నేనూ," అంది, "మా ఆయన వీరభద్రయ్యగారూ, మా ఆయన గవర్రాజుగారూ వచ్చాం."

ఎవరూ నవ్వలేదు. గొడుగాయన తన పేరు వినీ వినగానే చంటిపిల్లవాడిలా ఏడ్చేశాడు.

"రెండు పేర్లు చెప్పారేమిటి వదినగారూ?" అంది చిట్టెమ్మ.

"ఒకరు దగ్గరుండి తీసుకొస్తేనే రెండోవారొచ్చారు. నేనేం చెయ్యను," అంది కామాక్షమ్మ.

చిట్టెమ్మ ద్వారబంధాల మీంచి చేతులు తీసింది. వదినగారిని చెయ్యి పట్టుకుని గడప దాటించింది. అన్నయ్య తనే దాటాడు. గొడుగు పట్టిన పేరు కూడా గొడుగు ముడిచి లోపలికి నడిచింది. పాలిపోయిన పేరొక్కటే ఇది తన ఇల్లు కాదు కదా అన్నట్టు మెట్టు కిందే నిలబడిపోయింది.

చిట్టెమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఎండలో నిలబడిపోయారేమిటి అన్నయ్యగారూ," అంది. "మీరూ లోపలికి రండి."